మినుము బాగా పండిన ఏడు

"బస్తాలు మీద పడ్డప్పుడు నువ్వెక్కడున్నావు?"

ఇన్‌స్పెక్టర్ దేవిశ్రీ అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. గోడౌను సూపర్‌వైజరు కన్నబాబు మళ్ళీ అదే జవాబు చెప్పాడు.

"బోయినానికి ఎల్లాను మేడమ్. సైరన్ మోగింది, కలాసీలందరూ ఎల్లిపోనారు, నానూ ఎల్లాను. తిరిగొచ్చి సూత్తే ఏటున్నాది, గోడ వారనున్న దొంతర సగం కూలిపోయి ఉన్నాది. కింద ఉమామహేష్ గారి కాళ్ళు కనబడ్డాయి."

"ఆయన ఒక్కడూ భోజనానికి వెళ్ళకుండా ఇక్కడెందుకున్నాడు?"

"కెమిస్టు కదా మేడమ్. బస్తాల్లోంచి సాంపిల్ తీసుకోడానికి వొచ్చుంటాడు."

గాజువాక దాటాక ఓ పారిశ్రామిక వాడలో చివరి ప్రహరీ తూర్పుకొండ ఆగ్రో మినరల్స్ వారిది. రైతులకి అమ్మే జింకు సల్ఫేటు అక్కడ తయారవుతుంది. ఆ కంపెనీ కెమిస్టు ఉమామహేష్ మూడు రోజుల కిందట మధ్యాహ్నం ఈ గోడౌనులోనే బస్తాల కింద పడి చనిపోయాడని కేసు. ప్రమాదం అని ఎస్సై రాసేశాడు. సంతకం పెట్టాల్సిన దేవిశ్రీ పెట్టకుండా తనే బయల్దేరి వచ్చింది.

ఆమె లేచి కింద చెల్లాచెదురుగా పడున్న బస్తాల దగ్గరికి నడిచింది. ఒకదాని మీద అరచెయ్యి ఆనించి నొక్కింది. లోపలి పొడి ఇసుకలా జారి చెయ్యి దిగబడింది. పక్కదీ అంతే. తర్వాత హెడ్ కానిస్టేబుల్ నాగబాబు చేతిలో లాఠీ తీసుకుని, గోడ వారగా ఇంకా నిలబడి ఉన్న దొంతరని కొట్టింది. రాతిని కొట్టినట్టు మోగింది.

"కన్నబాబూ, ఇలా రా. ఇందులోంచి ఒక బస్తా లాగు."

కన్నబాబు రెండు చేతులా పట్టి లాగాడు. బస్తా కదల్లేదు. కింది బస్తాకి అతుక్కుపోయింది. సముద్రపు గాలికి జింకు సల్ఫేటు చెమ్మ పట్టి గడ్డకడుతుంది. కిందటి వానల నుంచీ కదలకుండా ఉన్న దొంతర అది. గునపం పెట్టి పెకిలిస్తే తప్ప రాదు.

"కూలింది ఈ దొంతరే అన్నావు. ఇది రాయిలా ఉంది. కింద పడ్డవి పిండిలా ఉన్నాయి. ఈ మెత్తటి బస్తాలు ఎక్కణ్నించి వచ్చి అతని మీద పడ్డాయి?"

కన్నబాబు చొక్కా అంచుతో మెడ తుడుచుకున్నాడు.

"నాకు తెల్దు మేడమ్."

"ఈ గోడౌనులో పొడి ఏ రంగు?"

"తెలుపు మేడమ్."

"ఉమామహేష్ ముక్కులోనూ గొంతులోనూ డాక్టరు గారికి దొరికిన పొడి నల్లగా, ముదురు గోధుమరంగులో ఉంది. ఒక్క పక్కటెముకా విరగలేదు. బస్తాలు పడి చచ్చినవాడి ఒంటి మీద బరువు పడ్డ గుర్తే లేదు. నల్లటి పొడి మీ దగ్గర ఎక్కడుంటుంది?"

కన్నబాబు చూపు ఒక్క క్షణం గోడౌను వెనక తలుపు వైపు పోయి వచ్చింది.

పోలీసు ఉద్యోగానికి రాకముందు దేవిశ్రీ వ్యవసాయ డిగ్రీ చదివింది. శవపరీక్ష చేసిన డాక్టరు ఆ పొడికి అయస్కాంతం చూపిస్తే కొంత అతుక్కుందని పొద్దున్న ఫోనులో చెప్పినప్పుడే ఆమెకి అనుమానం తగిలింది. ఇనప తుక్కు కరిగించే కొలిమిల పొగగొట్టాల్లో పేరుకునే బూడిద అలాగే ఉంటుంది. అందులో ఇనుముంటుంది, జింకూ ఉంటుంది. ఇంకా కొన్ని ఉంటాయి.

ఆ అనుమానం గట్టిపడింది మాత్రం ఉమామహేష్ ఇంట్లో.

ఇవాళ పొద్దున్నే కూర్మన్నపాలెంలో ఇంటికి వెళ్ళేసరికి అతని భార్య ఆశ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఈ మధ్య మీ ఆయన తీరులో తేడా ఏమైనా కనిపించిందా అని అడిగితే, చాలాసేపు ఆలోచించి ఓ చిన్న సంగతి చెప్పింది.

"మా నాన్న కొత్త మినుములు పంపించాడండి. తగరపువలస అవతల మా ఊరు. ఈ ఏడు పంట ఎప్పుడూ లేనంత బాగా పండింది. మా ఆయన ఆ మూటట్టుకెళ్ళి చెత్తబండిలో పారేసొచ్చాడు. ఎందుకలా సేసావని ఎంత తగువాడినా సెప్పలేదు. పాపకి ఇడ్లీ పెట్టొద్దు, గారెలొద్దు అన్నాడు. మా పుట్టింటోళ్ళ మీద కోపమనుకున్నాను నాను. రెండ్రోజులు మాట్లాడలేదండి ఆయనతోటి."

చివరి మాట దగ్గర ఆమె మళ్ళీ మొహం కప్పుకుంది.

ఇప్పుడు గోడౌను వెనక తలుపు వైపు నడుస్తుంటే ఆ చెత్తబండే కళ్ళ ముందు మెదిలింది. ఎరువుల కంపెనీలో పని చేసేవాడు, సొంత మామ పండించిన పంటని పాప నోట్లోకి పోనివ్వలేదు.

"ఆ తలుపు తియ్యి."

"తాళం నా కాడ లేదు మేడమ్. మేనేజరు గారి కాడున్నాది. ఆయన ఊళ్ళో లేరు."

"పగలగొట్టు నాగబాబూ."

నాగబాబు లాఠీ పక్కన పెట్టి ఇనప కమ్మీ కోసం చూస్తుండగా ముందు వాకిట్లో జీపు ఆగిన చప్పుడైంది.

"ఏమ్మా దేవిశ్రీ, తలుపులు పగలగొట్టే దాకా వచ్చిందా వ్యవహారం?"

డీఎస్పీ గురునాథరావు. కల్తీ ఎరువుల మీద వేసిన ప్రత్యేక బృందానికి ఆయన పెద్ద. కేసు తేలే లోపే టీవీలో తేల్చేస్తాడని డిపార్టుమెంటులో పేరు. ఉతికిన చొక్కా మడత నలగకుండా వచ్చి బస్తాల మధ్య నిలబడ్డాడు.

"ఇది హత్య అనుకుంటున్నాను సార్. లేదా హత్యని పోలిన ఇంకేదో. శవాన్ని వేరేచోటు నుంచి తెచ్చి ఇక్కడ బస్తాల కింద పెట్టారు."

"కారణం?"

"ఈ ఎరువు గురించి అతనికి తెలిసిన నిజం."

గురునాథరావు నవ్వాడు. గ్లాసులు తెమ్మన్నాడు, నీళ్ళు తెమ్మన్నాడు. వెంట తెచ్చుకున్న గుప్పెడు డీఏపీ గింజల్ని ఒక గ్లాసులో కరిగించాడు. కింద పడున్న బస్తాలోంచి పొడి తీయించి ఇంకో గ్లాసులో కలిపించాడు. కలాసీలంతా మూగారు. రెండోదాన్ని మొదటిదానిలో పోశాడు. నీళ్ళు ఒక్కసారిగా విరిగిన పాలలా ముద్దకట్టాయి.

"చూశారుగా అందరూ. మెగ్నీషియం కలిపిన దొంగసరుకైతే ఇలా ముద్ద కట్టదు. ఇది నిఖార్సైన జింకు." దేవిశ్రీ వైపు తిరిగాడు. "సరుకులో కల్తీ లేదు. కల్తీ లేనప్పుడు దాచాల్సిన నిజమూ లేదు. నిజం లేనప్పుడు హత్య దేనికి?"

"జింకు లేదని నేననలేదు సార్. జింకుతో పాటు ఏమొచ్చిందో ఆ గ్లాసు చెప్పదు."

"ఏమొచ్చింది?"

"కాడ్మియం. సీసం కూడా ఉండొచ్చు. కొలిమి బూడిదని ఆమ్లంలో మరిగిస్తే జింకు ఒక్కటే దిగదు, అవీ దిగుతాయి. వాటిని విడగొట్టి తీసెయ్యాలి. అది ఖర్చు. వీళ్ళు విడగొట్టకుండానే బస్తాలకెత్తుతున్నారని నా అనుమానం."

"మరి పంట?"

ఆ ప్రశ్నే ఆమె భయపడుతున్న ప్రశ్న.

"పంట బాగుంది సార్."

"బాగుందా?"

"మినుముకి జింకు కావాలి. మన మాగాణుల్లో అది తక్కువ. ఆకు పాలిపోయి, మొక్క గిడసబారి పోయేది. వీళ్ళ బస్తా వేశాక ఆకు పచ్చబడింది, కాయ నిండింది. జింకు వెళ్ళే దారినే కాడ్మియం కూడా వేరులోకి వెళ్ళి గింజలో కూర్చుంటుంది. మొక్క చావదు. ఆకు మాడదు. తిన్నవాడికి ఇవాళా రేపూ ఏమీ కాదు. ఏళ్ళ మీద మూత్రపిండాలు పోతాయి, ఎముకలు గుల్లబారతాయి. అది ఈ బస్తా వల్లనే అని అప్పుడెవరూ చెప్పలేరు."

"అంటే ఫిర్యాదు చేసిన రైతు ఒక్కడూ లేడు."

"లేడు."

"నష్టపోయినవాడు లేడు. జబ్బు పడ్డవాడు లేడు. పంట మాత్రం అమోఘం." గురునాథరావు గొంతు తగ్గించాడు. ఈసారి అందులో వెటకారం లేదు. "చూడమ్మా. రేపు నువ్వు కాడ్మియం అన్న ఒక్కమాట పేపర్లో వేయించావనుకో. నాలుగు మండలాల మినుము కొనేవాడుండడు. ఈ బస్తా వెయ్యనివాడి గింజ కూడా కొనరు. కంపెనీ యజమాని ఇంకో పేరుతో ఇంకో షెడ్డు తెరుస్తాడు. రైతు ఏం తెరుస్తాడు?"

దేవిశ్రీ చెల్లాచెదురుగా పడున్న బస్తాల వైపు చూపించింది.

"సాంపిల్ అయినా తీయించండి సార్."

"తీయిస్తాను. నీకు ఆ అధికారం లేదని తెలుసు కదా. ఎరువుల ఇన్‌స్పెక్టరు రావాలి, తీయాలి, ల్యాబుకి పోవాలి. ఫలితం కంపెనీ ఒప్పుకోకపోతే మరో ల్యాబుకి. ఈ లోపల తొలకరి పడుతుంది." జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. "పైనుంచి వచ్చిన ఆర్డరు. కేసు మా బృందానికి మారింది. సాయంత్రానికి ఫైలు నా బల్ల మీద ఉండాలి."

ఆమె చదివింది. చదవడానికి పెద్దగా ఏమీ లేదు.

"ఆ వెనక షెడ్డు ఒక్కసారి చూసి వెళ్తాను సార్."

"చూసుకో. చూడనివ్వలేదనే మాట నాకొద్దు."

తాళంచెవి ఆయన జేబులోంచే వచ్చింది. ఊళ్ళో లేని మేనేజరు తాళం ఆయన చేతికెలా చేరిందో దేవిశ్రీ అడగలేదు. అడిగినా ఆ జవాబు రాసుకునే కేసు ఇప్పుడామెది కాదు.

షెడ్డు ఖాళీగా ఉంది. నేలంతా కడిగి ఉంది. ఓ మూల రబ్బరు గొట్టం చుట్టి పెట్టి ఉంది, దాని మూతి నుంచి ఇంకా బొట్లు కారుతున్నాయి. కాలవలో మిగిలిన నీళ్ళు కాఫీ డికాషనులా ఉన్నాయి. మూడు రోజుల కిందట ఇక్కడ ఏముండేదో చెప్పేందుకు నేల మీద గోరంత పొడి లేదు.

గోడని మాత్రం పూర్తిగా కడగలేకపోయారు. రేకుల గోడ మీద, దేవిశ్రీ చెయ్యి పైకెత్తినా అందనంత ఎత్తున, కొండ గీసినట్టు నల్లటి మరక ఉంది. ఒక పక్క ఏటవాలుగా దిగింది. మధ్యలో హఠాత్తుగా విరిగి, నిట్టనిలువుగా కిందికి పోయింది.

"ఇక్కడ గుట్ట ఉండేది," అంది ఆమె. "అడుగు నుంచి తవ్వుకుంటూ పోయారు. పైభాగం వేలాడుతూ ఉండిపోయింది. అదే జారింది."

"ఉంటే ఉండొచ్చు. షెడ్డు కడుక్కోవడం నేరం కాదు."

నాగబాబు జేబులోంచి కాగితపు పొట్లం తీసి, గోరుతో మరక గీకబోయాడు.

"ఏయ్, ఏంటది?" గురునాథరావు గద్దించాడు. "ఇప్పుడిది నా దర్యాప్తు. అనుమతి లేకుండా ముట్టుకుంటే నువ్వూ ముద్దాయివే."

నాగబాబు చెయ్యి దింపేశాడు. ఆ కాగితపు పొట్లం ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. దేవిశ్రీ సెల్యూట్ చేసి బయటికి నడిచింది.

గేటు దాటి మలుపు తిరిగేసరికి వెనకాల ఎవరో పిలిచినట్టయింది. కన్నబాబు. ప్రహరీ వెనక సందులోంచి అడ్డంపడి వచ్చినట్టున్నాడు, చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. జీపు పక్కన నిలబడి ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"మేడమ్, నాను సంపలేదు."

"నువ్వు చంపావని నేననలేదు."

"బోయినం సెయ్యకుండానే తిరిగొచ్చీసినాను ఆవేళ. కడుపులో బాగోనేదు. షెడ్డులోంచి ఒక ముసిలాయన వొస్తన్నాడు. పంచి మోకాళ్ళ దాకా నల్లగా అయిపోయున్నాది. పరిగెత్తనేదు మేడమ్. నడుసుకుంటా వొచ్చి, కుళాయి కాడ కాళ్ళు కడుక్కుని, నన్ను సూసి కూడా సూడనట్టే గేటు దాటి ఎల్లిపోనాడు. ఏటా అని నాను లోపలికెల్తే, జుత్తు ఒక్కటే కనబడతన్నాది. మిగతాదంతా బూడిదలోనే. కలాసీలని కేకేసి అందరం తవ్వినాం. ఊపిరి నేదు. ఒట్టు మేడమ్, నేదు. మేనేజరుకి ఫోను సేత్తే, గోడౌనులోకి మార్సి మీద బస్తాలు పడీమన్నాడు. ఆ బూడిద ఎవుడి కంటా పడకూడదన్నాడు."

"ఈ ముక్క కోర్టులో చెప్తావా?"

"సెప్పను."

"మరి నాకెందుకు చెప్పావు?"

"ఆయన మంచోడు మేడమ్." అంతకన్నా అతనికి తెలియలేదు.

"ఆ ముసలాయన ఎవరు?"

"నాకు తెల్దు. ఉమామహేష్ గారి బండి మీదే ఎనకాల కూకుని వొచ్చినాడంట. గేటుకాడోడు సెప్పినాడు. మావా మావా అని పిలస్తన్నాడంట."

కన్నబాబు వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. నాగబాబు ఇంజను స్టార్టు చేసి, ఎటు అని అడగకుండానే కూర్మన్నపాలెం వైపు తిప్పాడు.

* * *

ఆశ తండ్రి తాతబాబు, ఆ ఇంటి ముందు వేసిన టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పొద్దున్న దేవిశ్రీ వచ్చినప్పుడు శ్మశానం పనుల మీద వెళ్ళాడు. చూడడం ఇదే మొదటిసారి. ఎండకి కమిలిన మొహం, మొలకెత్తిన తెల్లగెడ్డం. ఒళ్ళో మనవరాలు నిద్రపోతోంది. దాని నుదుటి మీద వాలే ఈగల్ని తువ్వాలుతో తోలుతున్నాడు.

దేవిశ్రీ ఎదురుగా కుర్చీ లాక్కుంది. వచ్చేదారిలో పేర్చుకున్న ప్రశ్నలు ఆ పాపని చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి ఉన్నదున్నట్టు అడిగేసింది.

"తాతబాబు గారూ, ఆ రోజు అల్లుడితో ఆ షెడ్డులోకి ఎందుకెళ్ళారు?"

తువ్వాలు ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

"నువ్వు సదువుకున్నదానివట కదమ్మా, యవసాయం. మా అమ్మాయి సెప్పింది."

"చదివాను."

"అది బూమిలోంచి తియ్యొచ్చేటమ్మా?"

"ఏది?"

"అదే. మా అల్లుడు సెప్పిన ఆ ఇసం."

"తియ్యలేం."

"వానలకి కొట్టుకుపోదా?"

"పోదు. అది పైమట్టిని పట్టుకుని ఉంటుంది."

"సున్నం సల్లితే?"

"వేరుకి కొంత అందకుండా ఉంటుంది. ఉండడం మాత్రం అక్కడే ఉంటుంది."

"ఈ గుంట పెద్దదయ్యేసరికి?"

దేవిశ్రీ పాప వంక చూసింది. "అప్పటికీ ఉంటుంది."

తాతబాబు తలాడించాడు. ఆ జవాబులన్నీ ఆయన ముందే విని ఉన్నాడని ఆమెకి అర్థమైంది. ఎవరైనా వేరేలా చెప్తారేమోనని అడుగుతున్నాడు.

"వరి కోతకి ముందు పొలంలోనే మినుము జల్లీసి ఒగ్గేత్తాం మేం. వొస్తే వొచ్చింది, పోతే పోయింది. ఏటేటా ఆకు పండిపోయి, సగం కాయి తాలే. మా అల్లుడే బస్తాలు తెచ్చినాడు. మావా, ఒక్కసారి ఏసి సూడు అన్నాడు. ఏసినాను. నా సేను సూడ్డానికి పక్కూళ్ళోళ్ళు వొచ్చినారమ్మా. పచ్చగా, మోకాలెత్తు. నానే మైకట్టుకుని సెప్పినాను అందరికీ, ఇది ఏసుకోండ్రా అని. నా మాట మీద నాలుగూళ్ళు ఏసినాయి."

"తర్వాత అతనికి నిజం తెలిసింది."

"తెలిసి వొచ్చి నా కాళ్ళట్టుకున్నాడు. ఇంక ఏయించకు మావా, గింజ అమ్మనీకు అన్నాడు. అప్పటికే సరుకు పప్పుమిల్లులకి పోయింది. ఎవుడి గింజ ఎవుడి గింజలో కలిసిపోయిందో. నాను నమ్మనేదు. రా సూపిత్తానని బండెక్కించుకుని తీసుకెల్లాడు. కలెక్టరు గారికి సెప్పేత్తానన్నాడు. ఇసం పడ్డ పొలాలన్నీ ఆఫీసు కాయితాల్లో రాయించేత్తానన్నాడు. వొద్దురా, ఊరంతా నన్నే నమ్మింది, ఊరు పోతాది అన్నాను. మాటా మాటా పెరిగింది."

లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. దేవిశ్రీ గమనించింది. ఆయన గమనించలేదు.

"సాంపిల్ కావాలని పారట్టుకుని అడుగున తవ్వుతన్నాడు. పైనుంచి జారిపోనాది. సప్పుడు కూడా నేదమ్మా. పిండి జారినట్టు. నడుం దాకా వొచ్చింది ముందు. కదిలితే ఇంకా దిగతన్నాడు. పీక దాకా వొచ్చింది." మనవరాలు లేస్తుందేమోనన్నట్టు మెల్లగా చెప్పాడు. "నాను తొయ్యనేదు. ఆ దేముడి మీదొట్టు. నాను నిలబడే ఉన్నాను."

"ఎంత దూరంలో?"

"ఈ కుర్సీకీ నీ కుర్సీకీ మజ్జన ఉన్నంత."

"అతను పిలిచాడా?"

"నోట్లోకి బూడిద ఎల్లిపోయింది. సెయ్యి సాసినాడు."

దేవిశ్రీ ఆయన చేతుల వంక చూసింది.

"అందుకోనేదమ్మా. ఎందుకని అడక్కు. ఈ మాట ఈడితోటే పోతాదని అనుకున్నానో, కాళ్ళు రానేదో, నాకే తెల్దు. మూడ్రోజుల్నుంచీ అదే అడుక్కుంటన్నాను నన్ను నాను."

కేసు ఆమె చేతుల్లో లేదు. చూసిన కన్నబాబు కోర్టులో చెప్పడు. గుట్ట ఉన్న చోటు కడిగేశారు. ఇప్పుడు ఒకడు తానే ఒప్పుకుంటున్నాడు. చాచిన చేతిని అందుకోకపోవడానికి ఏ సెక్షను రాయాలో ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమెకి తెలియదు. ఫైలు చేతికందగానే గురునాథరావు దాన్ని ప్రమాదం అని మూసేస్తాడు. ఈ ముసలాయన్ని తీసుకెళ్ళి ఆయన ముందు కూర్చోబెడితే, కాడ్మియం మాట కొట్టేసి, మామా అల్లుళ్ళ తగువని టీవీలో చెప్తాడు. రెండు దారుల్లోనూ ఆ బస్తాలు తొలకరికి మళ్ళీ ఊళ్ళకి వెళ్తాయి.

"పట్టుకుపోతావేటమ్మా నన్ను?" అన్నాడు తాతబాబు. "పట్టుకుపో. బస్తాల సంగతి మాత్రం పైకి రానీకు. మా ఊళ్ళో వరి కోసినాక మినుము తప్ప ఇంకేటీ పండదు."

ఆమె జవాబు చెప్పే లోపల గుమ్మం దగ్గర కదలిక వినిపించింది.

ఆశ నిలబడి ఉంది. రెండు చేతుల్తో తలుపు రెక్క పట్టుకుని, తండ్రి వంక కాకుండా ఆయన ఒళ్ళో నిద్రపోతున్న పాప వంక చూస్తోంది. ఎప్పట్నించి అక్కడుందో తెలియదు. నడిచి వచ్చి, వంగి, తండ్రి చేతుల్లోంచి పాపని తీసుకుంది. పాప నిద్రలోనే తల్లి భుజం మీదికి ఒరిగింది.

తాతబాబు ఖాళీ అయిన చేతులు అలాగే ఒళ్ళో ఉంచుకున్నాడు.

"ఎంతసేపు, నాన్నా?" అంది ఆశ. గొంతు పోయి మాట గాలిలా వచ్చింది. "సెయ్యి ఎంతసేపు సాసి ఉన్నాడు?"